గేర్‌బాక్సు దించిన వేసవి

ఆ వేసవి సెలవుల్లో మా కారు నలభై మూడు రోజులు షెడ్డులోంచి కదల్లేదు. మొదటి ముప్పై రోజులు గేర్‌బాక్సు చేసిన నిర్వాకం. మిగిలిన పదమూడు రోజులు నా నిర్వాకం.

కారు మా ఆవిడది. ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పడం ఆమె పని. ఆటోమేటిక్ బండి కాబట్టి క్లచ్చు తొక్కే గొడవ ఉండదని, భయపడేవాళ్ళంతా వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వస్తారు. ఆ వేసవికి తొమ్మిది మంది చేరారు. నేను బడిలో సైన్సు చెబుతాను. నాకు సెలవులు, ఆమెకి సీజను. ఎవరు కాలు మీద కాలేసుకుని కూర్చుంటారో, ఎవరు ఎండనపడి తిరుగుతారో వేరే చెప్పక్కర్లేదు.

సెలవులిచ్చిన రెండో రోజే కారు మొండికేసింది. ఇంజను గొంతు చించుకుంటుంది గానీ బండి కదలదు. కాసేపాగి, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకి దూకుతుంది. ఆ సమయానికి స్టీరింగు పట్టుకున్నది శిష్యురాళ్ళలో అందరికన్నా పెద్దావిడ, నర్సమ్మగారు. బ్రేకు మీద దాదాపు నిలబడి మరీ ఆపిందట. ఇంటిదాకా తోసుకొచ్చి షెడ్డులో పెట్టేసరికి నాకూ మా ఆవిడకీ ప్రాణాలు కడబట్టాయి. మామగారు మాత్రం తాపీగా బానెట్ ఎత్తి, గేర్‌బాక్సు ఆయిలు పుల్ల బయటికి లాగి, వేలికి రాసుకుని వాసన చూశారు.

"మాడిపోయింది," అన్నారు. "లోపల ప్లేట్లు అరిగాయి. గేర్‌బాక్సు దించాల్సిందే."

ముప్పై ఎనిమిదేళ్ళు గేర్‌బాక్సులే విప్పిన మనిషి ఆయన. వర్క్‌షాపులో అందరూ గేర్ల మేస్త్రీ అనేవారు. ఆ వేసవికి నాలుగు నెలల ముందు, ఆయన చేతి మీదుగా వెళ్ళిన బండి ఒకటి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఒక బోల్టు బిగించడం మర్చిపోయారని తేలింది. వర్క్‌షాపు ఓనరు మంచివాడు, పల్లెత్తు మాట అనలేదు. "కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి" అన్నాడంతే. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేదని మామగారు ఇప్పటికీ అంటారు. మా ఆవిడ వెంటనే వెళ్ళి ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చేసింది. వచ్చాక రెండుసార్లు పొయ్యి మీద పాలు పెట్టి ఆ సంగతే మర్చిపోయారు. డాక్టరు ఏవేవో ప్రశ్నలడిగి, వయసు వల్ల కావచ్చు, మతిమరుపు జబ్బుకి మొదలూ కావచ్చు, ఇప్పుడే తేల్చలేం, ఏదో ఒక పనిలో పెట్టి కనిపెట్టి ఉండండి అన్నాడు. కనిపెట్టే పని మా ఆవిడ నాకు అప్పజెప్పింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మామగారు చేతులు కడుక్కుని వచ్చి నిలబడే చెప్పారు.

"బండిని బయటికి పంపొద్దు. నేను చేస్తాను."

"నాన్నా, కింద దూరి దించే పని. నీ నడుం ఊరుకుంటుందా?"

"నడుం అల్లుడిది. బుర్ర నాది."

నాకు పొలమారింది. మా ఆవిడ నవ్వలేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కూతురి ముఖంలోకి చూసి అన్నారు:

"నాకూ తెలియాలి కదమ్మా. ఈ గేర్‌బాక్సు నేను చేసి, అది సరిగ్గా నడిచిందనుకో, వెళ్ళి ఓనర్ని అడుగుతాను. రోజంతా వద్దు, ఒక పూట పని ఇవ్వమంటాను. నడవలేదనుకో, ఇంక జన్మలో పానా ముట్టుకోను. మీరు ఏ మాత్రలు వేసుకోమంటే ఆ మాత్రలు వేసుకుని ఓ మూల కూర్చుంటాను."

మా ఆవిడ ఆయన కంచంలో అన్నం వడ్డించింది.

మర్నాటినుంచి నా సెలవులు కారు కింద గడిచాయి. మామగారి శిష్యుడొకడున్నాడు, అందరూ పొట్టి మేస్త్రీ అంటారు. అతనొచ్చి నాలుగు స్టాండ్ల మీద కారు ఎత్తిపెట్టి, పెద్ద జాకీ ఒకటి అరువిచ్చి వెళ్ళాడు. ఆయిలు దింపడం, వైర్లూ కేబుళ్ళూ ఊడదీయడం, కింద పొడుగ్గా ఉన్న షాఫ్టు తప్పించడం, అన్నీ నేను వెల్లకిలా పడుకుని చేయాలి, మామగారు పక్కన పీట మీద కూర్చుని చెప్పాలి. ఆయన చెప్పే పద్ధతికి నేను మొదట్లో లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. బోల్టు ఎక్కడుందో చెప్పరు. "ఎడంచేత్తో పైకి పాకించు. చల్లగా ఓ గొట్టం తగుల్తుంది. దాన్ని దాటాక ఓ గుంట. ఆ గుంటలో వేలు పెట్టు" అంటారు. పెడితే అక్కడ బోల్టు ఉండేది. షెడ్డు గోడకేసి చూస్తూ చెబుతున్న మనిషి, ఒక్క బోల్టు కూడా అటూ ఇటూ చెప్పలేదు.

నాలుగో రోజు గేర్‌బాక్సు కిందికి దిగింది. డెబ్బై కిలోల పైమాటే. దాన్ని ముందుగదిలోకి చేర్చాం. సోఫా వరండాలోకి పోయింది. గది నిండా పేపర్లు, పేపర్ల మీద గుడ్ల అట్టలు, ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు, పక్కన చీటీ. చీటీలు రాసింది నేను, అందులో మాత్రం నా అక్షరాలకి వంక పెట్టలేదు. మా ఆవిడ తుడవడానికి పాత బట్టలు తెచ్చిస్తే మామగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"బట్ట వద్దమ్మా. ఒక్క నూలుపోగు లోపల పడితే చాలు, ఆయిలు దారి మూసుకుపోతుంది. గాలికే ఆరాలి."

ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య కన్వర్టర్ అని గుమ్మడికాయంత గుండ్రటి ఇనప డబ్బా ఉంటుంది. అదెలా పనిచేస్తుందో నాకు తెలుసు కదా, ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్ల లెక్కన ఆయనకి ఓ పావుగంట పాఠం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అలాగా! ఇన్నేళ్ళూ నాకు తెలియనేలేదు బాబూ" అన్నారు. వెటకారమేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అన్నారు. కొత్త ప్లేట్లు తెప్పించి రెండు రోజులు ఆయిల్లో నానబెట్టారు. సీళ్ళు మార్చారు. మిరియం గింజంత ఇనప గుళ్ళు ఏడు, ఏది ఏ రంధ్రంలోదో నేను చీటీ చూసేలోగా ఆయన పెట్టేశారు.

రోజూ సాయంత్రం మా ఆవిడ వంటింట్లో గొంతు తగ్గించి అడిగేది.

"ఇవాళేమైనా?"

"కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికారు."

"అది నేనూ చేస్తాను. పనిలో?"

"పనిలో ఏం లేదు."

ఇరవై ఎనిమిది రోజులు అదే సమాధానం చెప్పాను. రోజురోజుకీ ఆమె ముఖం తేటపడుతుంటే చూశాను. నర్సమ్మగారికీ మరో ఇద్దరికీ లైసెన్సు పరీక్ష తారీఖు దగ్గర పడింది. మామగారు క్షవరం చేయించుకుని, ఉతికిన చొక్కా ఒకటి విడిగా పెట్టుకున్నారు. ఓనర్ని కలవడానికని మాకు తెలుసు.

నాకు మాత్రం లోపల ఒక దుగ్ధ మొదలైంది. చెప్పడానికే చిన్నతనంగా ఉంది. నెల రోజులుగా "అది కాదు బాబూ, ఇది" అనిపించుకుంటున్నాను. బడిలో ఆ మాట అనేవాణ్ణి నేను. ఒక్క పనైనా నేనే చేసి, సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి, చూడు అనాలనిపించేది.

గేర్‌బాక్సు తిరిగి ఎక్కించే రోజు వచ్చింది. పొద్దున్నే దాన్ని నోరు పైకి వచ్చేలా నిలబెట్టి, మామగారు కన్వర్టర్‌ని రెండు చేతులా ఎత్తి అందులోకి దించారు.

"ఇది మూడు మెట్లు దిగాలి. మెట్టుకో చప్పుడు, ఆఖరి మెట్టు లోపలున్న ఆయిలు పంపు పళ్ళలోకి. మూడూ వినబడకపోతే కూర్చోనట్టే. విను."

కళ్ళు మూసుకుని, కన్వర్టర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పారు. టక్. ఇంకాస్త తిప్పారు. టక్. మూడోదానికి చాలాసేపు పట్టింది. నేను ఏదో అనబోతే వేలెత్తి ఆపారు. టక్. అప్పుడు కళ్ళు తెరిచి, ఇనప స్కేలు నోటికి అడ్డంగా పెట్టి లోతు మిల్లీమీటర్లలో కొలిచారు.

"ఇరవై ఒకటి. సరిపోయింది."

కన్వర్టర్ ముందుకి జారకుండా అడ్డంగా వైరు కట్టారు. ఇద్దరం మోసుకెళ్ళి గేర్‌బాక్సుని జాకీ మీద పడుకోబెట్టాం.

"భోంచేసి ఓ గంట నడుం వాల్చి వస్తాను. నేను లేచాకే ఎక్కిద్దాం. ఒకరు ఎత్తాలి, ఒకరు ఈ నోటి దగ్గర చెయ్యి ఆన్చి ఉండాలి. వైరు ఆఖర్న కోయాలి. ఇంకో మాట చెప్తాను, గుర్తుపెట్టుకో. గేర్‌బాక్సు వెళ్ళి ఇంజనుకి చేత్తోనే అతుక్కోవాలి. సందు మిగిలిందా, దించెయ్. బోల్టుతో లాగావంటే లోపల ఏదో విరిగినట్టే."

అన్నీ విన్నాను. నెల రోజుల్లో ఆయన ఏ మాటా ఇంత విడమర్చి చెప్పలేదు.

మా ఆవిడ నర్సమ్మగారింట్లో రోడ్డు గుర్తులు నేర్పడానికి వెళ్ళింది. ఇల్లు సద్దుమణిగింది. మామగారి గురక వరండాదాకా వినబడుతోంది. నేను షెడ్డులోకెళ్ళి జాకీని కారు కిందికి తోశాను. ఊరికే సరిచూద్దామని తోశాను. తోశాక ఎత్తాను. ఎత్తుతుంటే వైరు అడ్డం తగిలింది. పటకారుతో కోసేశాను. ఆ కోయడంలో జాకీ మీద బరువు ముందుకి వాలింది, నా కళ్ళముందే కన్వర్టర్ రెండు వేళ్ళ మందం బయటికి జారింది.

అరచేత్తో నెట్టాను. టక్ అంది. తిప్పుతూ మళ్ళీ నెట్టాను. ఇంకో టక్ వచ్చిందనుకున్నాను. మూడోది వినబడలేదు. ఇంజను ఫ్యాను దగ్గర తూనీగ ఒకటి ఎగురుతూంటే, దాని రొదలో కలిసిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. తూనీగ ఎంత రొద చేస్తుందో సైన్సు మాస్టర్నైన నాకు తెలియదూ?

పైకెత్తి ఇంజనుకి ఆన్చాను. చిటికెన వేలు పట్టేంత సందు మిగిలింది. దించి మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆయన లేస్తారు. "అది కాదు బాబూ" అంటారు. రెండు బోల్టులు తీసుకుని, అటొకటి ఇటొకటి పెట్టి, కొంచెం కొంచెంగా బిగించాను. పానా బరువెక్కింది. లోపల ఎక్కడో పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది. సందు మూసుకుపోయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సంతోషమే వేసింది.

మామగారు కళ్ళు నులుముకుంటూ వచ్చి, వంగి చూశారు.

"ఎక్కించేశావా! ఒక్కడివే?"

"ఆఁ."

"చేత్తో మూసుకుందా?"

"మూసుకుంది మామయ్యా."

"వైరు?"

"ఆఖర్నే కోశాను. చెయ్యి ఆన్చే ఉంచాను."

నా వీపు మీద చరిచారు. "బడి మానేసి నా దగ్గర చేరు, బాగుపడతావ్" అన్నారు. ఆ తర్వాత కిందికి దూరి, మిగిలిన బోల్టులన్నీ వరసగా, ఆయన చేత్తోనే బిగించారు.

మర్నాటి సాయంత్రానికి అన్నీ తగిలించి, కొత్త ఆయిలు పోశాం. నర్సమ్మగారూ మరో ఇద్దరు శిష్యురాళ్ళూ వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. మా ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. మామగారు ఉతికిన చొక్కా వేసుకున్నారు.

తాళం తిప్పింది. బండి కింద ఎవరో కంకర నములుతున్నట్టు మోత. గేరు వేసింది. కారు కదల్లేదు. ఇంకొంచెం తొక్కింది. మోత పెరిగింది, అంతే. షెడ్డు నేల మీద ఎర్రగా ఆయిలు కారడం మొదలైంది.

"ఆపెయ్యమ్మా," అన్నారు మామగారు. కేక వెయ్యలేదు, మామూలుగానే అన్నారు. "పంపు పోయింది."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

రెండో రోజు పొట్టి మేస్త్రీ వచ్చాడు. నేనూ అతనూ కలిసి దించాం. మామగారు షెడ్డు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు, దగ్గరికి రాలేదు. మా ఆవిడ ఆయన వెనకాల నిలబడింది. పొట్టి మేస్త్రీ పంపు విప్పి, లోపలి చక్రం బయటికి తీశాడు. దానికుండే రెండు పళ్ళూ విరిగిపోయి ఉన్నాయి. దాన్ని గురువు చేతిలో పెట్టడానికి అతనికి మనసొప్పలేదు, నేల మీద పెట్టాడు.

"కన్వర్టర్ పూర్తిగా కూర్చోలేదు గురువుగారూ. కూర్చోకుండా బోల్టులు లాగేశాయి."

మామగారు ఆ విరిగిన ముక్కల్ని చాలాసేపు చూశారు. తర్వాత తన చేతులు తిప్పి చూసుకున్నారు.

"కూర్చోబెట్టింది నేను," అన్నారు. "బోల్టులు బిగించిందీ నేనే."

పొట్టి మేస్త్రీ చెయ్యి తుడుచుకుంటూ తల పక్కకి తిప్పుకున్నాడు. మా ఆవిడ నావైపు చూసింది. నేను మూలనున్న ఇసుక బక్కెట్టు తెచ్చి, నేల మీద కారిన ఆయిలు మీద పోసి, చీపురుతో ఊడ్చాను.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె అడిగిన ప్రశ్న మారింది.

"మీరు పక్కనే ఉన్నారు కదండీ. మూడు చప్పుళ్ళూ విన్నారా?"

ఒక్క మాట. విన్నాను, మూడూ విన్నాను, తర్వాత చెడగొట్టింది నేను. చెప్పి ఉంటే ఏమయ్యేది? వారం రోజులు నాతో మాట్లాడేది కాదు. శిష్యురాళ్ళ ముందు నా పరువు పోయేది. అంతకుమించి ఏమీ లేదు. ఉరి తీయరు కదా.

"విన్నాననే అనుకుంటా," అన్నాను.

ఆమె స్టవ్ గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి ముక్కు ఎగబీల్చింది. నేను పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నేనంటే అసహ్యం వేస్తుంది.

కొత్త పంపు రావడానికి పది రోజులు, దాన్ని పొట్టి మేస్త్రీ బిగించడానికి మరో రెండు రోజులు పడుతుందన్నారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు వచ్చేసరికి మామగారు పనిముట్ల పెట్టె పొట్టి మేస్త్రీకి ఇచ్చేశారు. అతను వద్దంటే వద్దన్నాడు, చేతులు జోడించాడు. "నీ దగ్గరుంటే వాడుకుంటావ్, నా దగ్గరుంటే తుప్పు పడుతుంది" అని స్కూటరు మీద ఆయనే పెట్టి తాడు కట్టారు. ఆ తర్వాత రోజు నుంచి గేటు గడియ పెట్టి వచ్చి, "బాబూ, గడియ పెట్టానేమో ఓసారి చూడవా" అని నన్ను అడిగేవారు. వెళ్ళి చూసేవాణ్ణి. పెట్టే ఉండేది. పొయ్యి వెలిగించాలంటే వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచేవారు. "అమ్మాయ్, వెలిగించనా?" అని. టీ కాచుకోవడానికి కూతురి అనుమతి. ఆ గొంతు విన్నప్పుడల్లా నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. పేపర్లో ఏముందో ఒక్క ముక్క ఎక్కేది కాదు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజొచ్చింది. ముగ్గురం వెళ్ళాం.

"ఈ మధ్య ఏమైనా గమనించారా?" అన్నాడు డాక్టరు.

మా ఆవిడ తండ్రి వైపు ఒకసారి చూసి, మెల్లగా గేర్‌బాక్సు సంగతి చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళు చేసిన పనిలో తప్పు జరిగిందని చెప్పింది. డాక్టరు తలూపి, కాగితం మీద నాలుగు లైన్లు రాశాడు. "అలవాటైన పనిలో కూడా మొదలైందన్నమాట" అని, రెండు రకాల మాత్రలు రాశాడు. మామగారు బుద్ధిగా కూర్చుని, ఏది పొద్దున్న, ఏది రాత్రి అని అడిగి తెలుసుకున్నారు. నేను ఆయన పక్క కుర్చీలో ఉన్నాను. డాక్టరు రాసిన ఆ నాలుగు లైన్లూ నేను చేసినవి. ఆ కాగితం నేనే అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాను.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మూడో రోజుకి ఇంక ఉండలేకపోయాను. బడి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. మధ్యాహ్నం మామగారు వరండాలో సోఫా మీద ఒక్కరే కూర్చుని ఉంటే, వెళ్ళి ఎదురుగా నేల మీదే కూర్చున్నాను.

"మామయ్యా, మీకో సంగతి చెప్పాలి. పంపు విరగ్గొట్టింది నేను."

చెప్పుకుంటూ పోయాను. మీరు పడుకున్నాక జాకీ తోశాను. వైరు ముందే కోశాను. కన్వర్టర్ రెండు వేళ్ళు జారింది. రెండు చప్పుళ్ళే విన్నాను. చిటికెన వేలంత సందు మిగిలింది. రెండు బోల్టులు పెట్టి లాగాను. విరిగిన చప్పుడు కూడా విన్నాను. మీరు అడిగితే చేత్తో మూసుకుందని అబద్ధం చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన కాళ్ళకేసే చూశాను. ముఖం చూసే ధైర్యం లేదు.

తలెత్తితే ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. నవ్వుతున్నారు.

"ఎందుకు బాబూ ఇదంతా?"

"నిజం మామయ్యా."

"నా కూతురు అదృష్టవంతురాలు. ఇంకెవడైనా అయితే ముసలాణ్ణి అందరి ముందూ ఆడిపోసుకునేవాడు. నువ్వు నా తప్పు నీ నెత్తిన వేసుకోవాలని చూస్తున్నావ్."

"మీ తప్పు కాదు! మీరు మూడు చప్పుళ్ళూ విన్నారు. స్కేలు పెట్టి కొలిచారు. ఇరవై ఒకటి అని నాతో చెప్పారు కూడా."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"కొలవలేదు బాబూ. అదే పదమూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. స్కేలు చేతిలోకి తీసుకున్నాను, ఏదో ధ్యాసలో పడ్డాను, పక్కన పెట్టేశాను. కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. ఇరవై ఒకటి అంటావా, ఆ బండ్లకి ఎప్పుడూ ఇరవై ఒకటే కదా, అలవాటు కొద్దీ నోటికొచ్చేసుంటుంది."

"నేను చూశాను మామయ్యా, మీరు కొలిచారు!"

"చూశావు, చూశావు," అన్నారు, పసివాణ్ణి ఊరుకోబెడుతున్నట్టు. "నాకు తెలియదా నీ సంగతి? మేస్త్రీ చెయ్యి అయినా వణికే పని అది, ఒక్కడివే వైరు కోసి, బోల్టులేసి లాగేంత తెగింపు నీకెక్కడిది? దించమంటే దించే రకానివి నువ్వు."

కొలవనిది కొలిచినట్టు ఆయనకి గుర్తుంటే అది జబ్బు. కొలిచింది కొలవనట్టు గుర్తుండేలా చేసింది నేను. పదమూడు రోజులు నేను నోరు మూసుకుని కూర్చుంటే, ఆ ఖాళీలో ఆయన జరగని తప్పొకటి కూర్చుకున్నారు. ఇంక అది నా చేత్తో ఊడి రాదు.

"పోనీ ఓనర్ దగ్గరికి వెళ్దాం రండి, నేనూ వస్తాను. ఆయనతో నేను చెప్తాను."

"వద్దులే బాబూ. నువ్వు ఇంతమాట అన్నావ్, అది చాలు నాకు."

సాయంత్రం మా ఆవిడ బయటినుంచి వచ్చి, ముందు తండ్రి దగ్గర కూర్చుంది. తర్వాత వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నాన్న చెప్పారు."

"అది నిజం. వైరు నేనే కోశాను. నువ్వైనా నమ్ము."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఏదో ఒకటి కదిలి, మళ్ళీ అణిగిపోవడం నాకు కనబడింది. నమ్మిందో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

"ఇంక ఈ మాట నాన్న దగ్గర ఎత్తకండి," అంది. "ఇవాళ ఆయన నవ్వారు. ఇన్నాళ్ళకి తనంతట తనే ఆకలేస్తోందన్నారు."

భోజనానికి కూర్చున్నాం. మామగారు హుషారుగా ఉన్నారు. అన్నం కలుపుకుంటూ కూతురితో, "మీ ఆయనకి అబద్ధం ఆడడం కూడా రాదే!" అని మొదలుపెట్టారు. గొంతు నా గొంతులా మార్చి, తల వంచుకుని, నేను చెప్పినదంతా నాటకంలా చెప్పారు. "మీరు పడుకున్నాక జాకీ తోశాను మామయ్యా. వైరు ముందే కోశాను మామయ్యా. రెండు వేళ్ళు జారింది మామయ్యా. రెండు చప్పుళ్ళే విన్నాను మామయ్యా. చిటికెన వేలంత సందు. రెండు బోల్టులు, అటొకటి ఇటొకటి..."

ఒక్క మాట పొల్లుపోలేదు. ఒక్క మెట్టు వరస తప్పలేదు. అటొకటి ఇటొకటి అన్నది నేను ఆయనకి చెప్పనే లేదు. అలా కాక ఇంకెలా పెడతారని ఆయనే చేర్చుకున్నారు. అంత సరిగ్గా ఉంది ఆ బుర్ర.

ఆయన చెబుతూ పగలబడి నవ్వారు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఇద్దరూ నావైపు చూశారు. నేనూ నవ్వాను.